మాను లేని మర్రి

కలకత్తా పక్కనున్న హౌరా బొటానికల్ గార్డెన్ చూసొచ్చాక ఊళ్ళో ఎవరడిగినా ముందు "బాగుంది" అనే చెప్పాను. అంత ఖర్చు పెట్టుకుని, పెద్దావిడని వెంటేసుకుని వెళ్ళొచ్చినవాడు బాగోలేదంటే వినేవాళ్ళకి వారం రోజుల కాలక్షేపం. కానీ మా వైపు నుంచి బెంగాల్ వెళ్ళొచ్చే జనం ఎక్కువ. ఖరగ్‌పూర్‌లో మేనమామో, పినతండ్రి కొడుకో లేని ఇల్లు మా వీధిలో వెతుక్కోవాలి. రేపు వాళ్ళలో ఎవరో ఒకరు పిల్లల్ని తీసుకుని ఆ తోటకి బయల్దేరతారు. వాళ్ళ కోసం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. హైస్కూల్లో బయాలజీ చెప్తాను. ఇంటి వెనక కొబ్బరి తోట ఉంది. ఉంది అంటున్నాను గానీ, ఉండేది అనాలి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ గాలికి ఉద్దానం, అంటే మా కొబ్బరి తోటల సీమ, సగం నేలమట్టం అయింది. కొన్ని చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి, కొన్ని నడిమికి విరిగాయి. నిలబడ్డవాటిలో చాలావాటికి మొవ్వు మెలితిరిగిపోయింది. మొవ్వు పోయిన కొబ్బరిచెట్టు నిలబడి ఉన్నా ఒకటే, పడిపోయినా ఒకటే. కొత్త మొక్క పెడితే దేశవాళీ రకం కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. అప్పటిదాకా ఏం తినాలి అన్నది మా వైపు ప్రతి ఇంట్లోనూ అప్పుడు నడిచిన ప్రశ్న.

ఆ రోజే మా చెరువుగట్టు మీది మర్రి కూడా పోయింది. కొబ్బరి పోయినందుకు కన్నీళ్ళు పెట్టని మా అమ్మ, ఆ మర్రి దగ్గరికి వెళ్ళి చాలాసేపు కూర్చుంది. పెళ్ళయి మా ఊరికి వచ్చిన రోజు ఎడ్లబండి దాని కిందే ఆపారట.

ఆవిడ మనసు మళ్ళించడానికి అప్పుడో మాట అన్నాను. "అమ్మా, కలకత్తాలో ఒక మర్రి ఉంది. రెండు పెద్ద తుఫానులు కొట్టినా చావలేదు. ఇప్పటికీ పెరుగుతూనే ఉంది."

"అలాగైతే నన్ను తీస్కెళ్ళి సూపించు" అంది.

చూపిస్తానన్నాను. తరవాత కరోనా వచ్చింది. 2020 మే 20న ఆంఫన్ తుఫాను బెంగాల్ మీద పడినప్పుడు ఆ మర్రి ఉన్న హౌరా తోటలోనే వందల చెట్లు కూలాయని, పెద్ద మర్రికి కూడా దెబ్బ తగిలిందని పేపర్లో చదివాను. ఆ సంగతి అమ్మకి చెప్పలేదు. ఆవిడ మాత్రం మరిచిపోలేదు. ఇంట్లో ఏ పని గురించి "తరవాత చూద్దాం" అన్నా, "ఆ మర్రిలాగేనా?" అనేది. చివరికి ఒక వేసవి సెలవుల్లో కుదిరింది. బడిపంతులికి కుదిరేది వేసవిలోనే కదా.

బయల్దేరే ముందు నేను కాస్త ఎక్కువే చదివాను. ఇప్పుడనిపిస్తుంది, నా నిరాశలో సగం పెట్టుబడి ఆ చదువే అని. ఆ తోట 1787లో మొదలైంది. రాబర్ట్ కిడ్ అనే ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి హుగ్లీ నది ఒడ్డున పెట్టించాడు. షికారు కోసం కాదు. ఓడలు కట్టడానికి టేకు కావాలి, అమ్మకానికి మసాలా దినుసులు కావాలి, కరువొస్తే జనం తినడానికి పనికొచ్చే మొక్కలు కావాలి. అంటే అదొక పెద్ద నర్సరీ, ప్రయోగశాల. మొదట్లో 300 ఎకరాలు దాటి ఉండేది, ఇప్పుడు 273 ఎకరాలు. 2009లో జగదీశ్ చంద్రబోస్ పేరు పెట్టారు.

నన్ను లాగింది ఇవి కాదు. 1793లో ఆ తోట బాధ్యత తీసుకున్న విలియం రాక్స్‌బర్గ్ అంతకు ముందు మన సామర్లకోటలో ఉండేవాడు. డాక్టరుగా వచ్చి, 1781 నుంచి అక్కడ మిరియాలు, కాఫీ, నీలిమందు లాంటివి పెంచి చూశాడు. మన తీరం వెంబడి అడవులూ గట్లూ తిరిగి మొక్కలు ఏరించాడు, ఇక్కడి చిత్రకారుల చేత ఒక్కోదాన్ని ఆకు, పువ్వు, గింజ విడివిడిగా బొమ్మలు వేయించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద 1795 నుంచి లండన్‌లో అచ్చయిన ఆయన పుస్తకాల్లో మొక్క పక్కన తెలుగువాళ్ళు దాన్ని ఏమంటారో కూడా ఉంటుంది. మనం సోమిద అనే చెట్టుకి శాస్త్రీయనామం సోయ్మిడా అయింది ఆ దారిలోనే. ఈ ముక్క నేను తొమ్మిదో తరగతి పిల్లలకి ప్రతి ఏడూ చెప్తాను. కాబట్టి నా లెక్కలో ఆ తోట బెంగాలీలది ఎంతో మనదీ అంతే. ఏదో మేనత్త ఇంటికి వెళ్తున్నట్టు బయల్దేరాను.

పలాసలో రాత్రి రైలెక్కి, ఉదయానికి ఖరగ్‌పూర్‌లో దిగాం. నేను, అమ్మ, మా చిన్నమ్మాయి. మా ఆవిడ తమ్ముడికి అక్కడ రైల్వేలో ఉద్యోగం. వాడికి ఆ రోజు డ్యూటీ, అయినా మర్నాటికి సెలవు పెట్టుకుని మాతో వచ్చాడు. ఖరగ్‌పూర్ నుంచి హౌరా లోకల్ ఎక్కితే సంత్రాగాచిలో దిగాలి. తోటకి అది దగ్గర. హౌరా దాకా పోయి వెనక్కి రావక్కర్లేదు. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి.

లోకల్లో సీటు దొరకలేదు. బెంగాలీ కాలేజీ కుర్రాడు ఒకడు లేచి అమ్మకి చోటిచ్చాడు. ఆవిడ అతనికి తెలుగులో దీవెనలు ఇచ్చింది, అతను బెంగాలీలో ఏదో అన్నాడు, ఇద్దరూ సంతోషించారు. మొత్తం ప్రయాణంలో పూర్తిగా సవ్యంగా జరిగిన వ్యవహారం అదొక్కటే.

సంత్రాగాచిలో దిగగానే టోటోలవాళ్ళు చుట్టుముట్టారు. టోటో అంటే మన బ్యాటరీ ఆటోనే. మా బావమరిది గట్టిగానే బేరం ఆడాడు. ఎక్కాక సందుల్లోంచి, బజార్లోంచి తిప్పి తిప్పి ఒక గేటు దగ్గర దింపాడు. అది మూసి ఉంది. "ఇది కాదు, అవతల గేటు. దానికి ఇంకో వంద" అన్నాడు. ఎండ అప్పటికే ముదిరింది. అమ్మ కాళ్ళ వైపు చూసి వంద ఇచ్చేశాం. తీరా ఆ అవతల గేటు నడిచిపోయేంత దూరం. "బావా, ఇక్కడ మనం పరాయి ఊరోళ్ళం, ఊరుకో" అన్నాడు మా వాడు. ఇరవై ఏళ్ళుగా ఆ రాష్ట్రంలోనే ఉంటున్నాడు, ఇంకా పరాయివాడే.

టికెట్లు తీసుకుని లోపలికి అడుగుపెడుతుంటే గేటు బయట నిలబడ్డ ఒకాయన వెంటపడ్డాడు. గైడునన్నాడు. ఒంటి మీద యూనిఫారం లేదు, మెడలో కార్డు లేదు. మూడు వందలిస్తే అన్నీ చూపిస్తానన్నాడు. నాకు ఇష్టం లేదు గానీ, 273 ఎకరాల్లో పెద్దావిడని పెట్టుకుని దారులు వెతకడం కష్టమని మా బావమరిది ఒప్పేసుకున్నాడు. దారిపొడుగునా ఆయన చెప్పింది వింటే మా తొమ్మిదో తరగతి పిల్లలు కూడా నవ్వుతారు. ఈ తోటని అక్బర్ చక్రవర్తి పెట్టించాడట. పెద్ద మర్రి వయసు రెండు వేల ఏళ్ళట. నేను హిందీలో "కాదండీ, 250 ఏళ్ళు దాటిందంటారు, అంతే" అంటే, "అది కాగితాల్లో" అన్నాడు. ఆయన హిందీ, నా హిందీ రెండూ అంతంతే కాబట్టి వాదన అక్కడితో ఆగిపోయింది.

నడక మొదలైంది. పక్కన నది ఉన్నా గాలి లేదు. మా సముద్రపు గాలికి అలవాటు పడ్డ ఒంటికి ఆ ఉక్క వేరేలా ఉంది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. మహాగని చెట్ల నీడ ఉన్నంత మేర బాగానే ఉంది. ఆ చెట్టు మన దేశానికి వచ్చింది ఈ తోటకే, 1795లో, వెస్టిండీస్ నుంచి. పిల్లకి చెప్పాను. "ఇంకా ఎంత దూరం నాన్నా?" అంది.

కొలనుల్లో నీళ్ళు తగ్గి ఉన్నాయి. పసిపిల్లని కూర్చోబెట్టి ఫొటో తీస్తారు చూడండి, ఆ రాక్షసి కలువ ఆకు, విక్టోరియా ఆమెజోనికా, అది చూపిస్తానని పిల్లని ఊరించి తెచ్చాను. వేసవిలో అది ఎలా ఉంటుందో అలాగే ఉంది. భోజనం పళ్ళెమంత ఆకులు రెండు, అంచులు ఎండిపోయి. వానలు పడ్డాక వచ్చినవాళ్ళకి అది పెద్ద పళ్ళేలు పరుస్తుంది. దాని వేళకి మనం వెళ్ళాలి. మా సెలవుల వేళకి అది రాదు కదా.

ఇక మర్రి.

దూరం నుంచి చూస్తే ఒక చెట్టు అనిపించదు. రోడ్డు మలుపు తిరగగానే ఎదురుగా చిన్న అడవి ఉంటుంది. ఆకుపచ్చటి గోడలా ఉన్న ఆ అడవి మొత్తం ఒక్కటే చెట్టని మన బుర్రకి మనం చెప్పుకోవాలి. నాలుగున్నర ఎకరాలకు పైగా పరుచుకుంది. 3,500కు పైగా ఊడలు నేలలో దిగి ఉన్నాయి. దాని చుట్టూ ఎప్పుడో 330 మీటర్ల రోడ్డు వేస్తే అది రోడ్డు దాటి అవతలికి నడిచింది. ఈ అంకెలన్నీ నాకు నోటికొచ్చు. చెప్తూ పోతున్నాను. అమ్మ వినడం లేదు. చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని లోపలికి చూస్తోంది.

"మాను ఏదిరా?" అంది.

"ఏంటమ్మా?"

"మొదటి మాను. ఇవన్నీ ఊడలు. నాకు తెలీదేటి? మొదలు ఏదీ?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. తెలిసే దారిలో ఎక్కడా ఆ మాట ఎత్తలేదు. మొదలు లేదు. 1864, 1867 తుఫానుల్లో కొమ్మలు విరిగి, ఆ గాయాల్లోంచి బూజు తెగులు పట్టింది. లోపల్లోపల తినేసింది. 15 మీటర్లకు పైగా చుట్టుకొలత ఉన్న ఆ మానుని, మిగతా చెట్టుకి తెగులు పాకకుండా, 1925లో తీసేశారు. అప్పటి నుంచి ఈ చెట్టు మొదలు లేకుండానే, ఊడల మీదే బతుకుతోంది, పైగా పెరుగుతోంది. బయాలజీ మాస్టారికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు. ఊడ కిందికి దిగేటప్పుడు వేరు. నేల తాకి పాతుకున్నాక కొమ్మకి స్తంభం, కొమ్మకి కావలసిన నీళ్ళు తెచ్చే గొట్టం కూడా అదే. ఎవరి ఇల్లు వాళ్ళు కట్టుకున్నాక ఉమ్మడి కుటుంబం పెద్ద పోయినా వంట ఆగదు. ఈ పోలిక క్లాసులో బాగా పనిచేస్తుంది. అమ్మ దగ్గర పనిచెయ్యలేదు.

"మాను లేంది మర్రి ఏటిరా. మొదలు పోతే మరి బతికిందని సెప్పేవు కాదేటి నువ్వు?"

"బతికే ఉందమ్మా, చూడు ఎంత పచ్చగా ఉందో."

"ఉంది. బాగుంది. కానీ నాను సూడ్డానికి వచ్చింది ఇది కాదు."

ఆవిడ ఇంటి దగ్గర నుంచి పసుపు, కుంకుమ పొట్లం, చిన్న సీసాలో మా చెరువు నీళ్ళు తెచ్చింది. మాను మొదట్లో నీళ్ళు పోసి, బొట్టు పెట్టి, తల ఆనించాలని. చెట్టు చుట్టూ ఇనప కంచె ఉంది. ఉండాలి కూడా. లేకపోతే మన జనం ఊడల్ని పట్టుకుని ఊయలలూగుతారు, పేర్లు చెక్కుతారు. ఇదంతా ఒప్పుకుంటాను. కానీ ఎనభైకి దగ్గరపడ్డ మనిషి సీసా చేత్తో పట్టుకుని కంచె అవతలికి చూస్తుంటే ఈ ఒప్పుకోవడం ఎంత పొడిగా ఉంటుందో అప్పుడు తెలిసింది. చివరికి ఆవిడే ఉపాయం చూసుకుంది. కంచె స్తంభానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, నీళ్ళు కంచె సందులోంచి లోపలికి ఒంపింది. కాపలా మనిషి చూసి నవ్వి, మొహం అటు తిప్పుకున్నాడు. అతనికి నా తరఫున దండం.

నాకు మాత్రం అక్కడ కాళ్ళు కదలనివ్వనిది ఒకటి కనిపించింది. కంచెకి కాస్త లోపలగా ఒక కొమ్మ నుంచి లేత ఊడలు వేలాడుతున్నాయి. వాటిలో కొన్నిటిని చీల్చిన వెదురు బొంగుల్లోకి మళ్ళించి, మట్టి కూరి, తాళ్ళతో కట్టి నేల దాకా తీసుకొచ్చారు. ఒక బొంగు పక్కకి విచ్చుకుంది. అందులో ఊడ కొస కనిపిస్తోంది. పైనంతా గోధుమరంగు, చివర వేలెడంత మేర మాత్రం లేత పసుపు, తడిగా, మెత్తగా. దాని చుట్టూ జుట్టులాంటి పిల్లవేళ్ళు. గాలిలో వేలాడే ఊడని పశువు తినేయొచ్చు, ఎండ మాడ్చేయొచ్చు. బొంగులో మట్టి తగిలితే అది నేల చేరాననుకుని చకచకా కిందికి దిగుతుంది. నేల అందాక బొంగు తీసేస్తారు. కొమ్మ బరువుకి అడుగున ఒక కొత్త స్తంభం తయారవుతుంది. ఎక్కడ స్తంభం కావాలో మనిషి చూసుకుంటాడు, మిగతాది చెట్టు చూసుకుంటుంది. తిత్లీ తరవాత మా ఊరి మర్రి కూలినచోట పచ్చి కొమ్మలు చాలా మిగిలాయి. వాటిని కట్టెలకి కోసుకుపోయారు.

గైడు గారు ఈలోగా "చలో చలో" అంటున్నాడు. ఆయనకి ఇంకో బేరం తగిలినట్టుంది.

అక్కడి నుంచి జంట కొబ్బరి దగ్గరికి తీసుకెళ్ళమన్నాను. కొబ్బరి రైతుగా నాకు మర్రి కంటే దాని మీదే ఎక్కువ ఆశ. సీషెల్స్ దీవుల్లో తప్ప సొంతంగా ఎక్కడా పెరగదు. ప్రపంచంలో ఇంతకంటే పెద్ద గింజ ఇంకే మొక్కకీ లేదు. ఒక్కో గింజ 20 కిలోలు దాటి కూడా తూగుతుంది. రెండు కొబ్బరికాయలు అతుక్కుని పుట్టినట్టుంటుంది. ఈ తోటలో 1894లో ఒక చెట్టు నాటారు. అది ఆడ చెట్టు. ఈ జాతిలో ఆడా మగా వేరువేరు చెట్లు, కాబట్టి జత లేక దశాబ్దాలు గొడ్డుగా నిలబడింది. పూత వచ్చాక శాస్త్రవేత్తలు విదేశాల నుంచి పుప్పొడి తెప్పించి, చేత్తో పరాగసంపర్కం చేసి కాయ కట్టించారు. ఇదంతా చదివి, మా అమ్మాయికి కథలా చెప్పి తెచ్చాను.

గైడు ఒక చోట ఆగి, దూరంగా కొన్ని తాటిజాతి చెట్లు గుంపుగా ఉన్నవైపు చెయ్యి చూపించి "అదే" అన్నాడు. ఏది అదే? విసనకర్రల్లాంటి ఆకులున్నవి అక్కడ చాలా ఉన్నాయి. "కాయలేవి?" అన్నాను. "కోసేశారు" అన్నాడు. ఇంతకీ నేను చూశానో లేదో ఇప్పటికీ చెప్పలేను. మా అమ్మాయి ఫోన్లో ఒక ఫొటో ఉంది. అందులో ఆకాశం, నా వేలు, కొన్ని ఆకులు ఉన్నాయి.

అక్కడే ఆయన మూడు వందలు తీసుకుని మాయమయ్యాడు. నిజం చెప్పాలంటే ఆయన పోయాకే కొంత బాగుపడింది. అమ్మని నీడలో కూర్చోబెట్టి, నేనూ పిల్లా మెల్లగా తిరిగాం. కొమ్మలున్న తాడి ఒకటి కనిపించింది. ఈజిప్టు వైపుది. తాటిచెట్టు కొమ్మ వెయ్యడం ఏమిటో మా ఉద్దానం వాడికి చెప్తే తాగొచ్చావా అంటాడు. ఇది రెండుగా చీలి, మళ్ళీ రెండుగా చీలి, నాలుగైదు తలలతో నిలబడింది. దానికి ఫొటో బాగా తీశాను, సాక్ష్యం కావాలి కాబట్టి. పిచ్చి చెట్టు అని ఇంకొకటి. దాని కింద రాలిన ఆకులు పిల్ల ఏరింది. ఒకటి రావాకులా, ఒకటి పక్కన కొరికేసినట్టు, ఒకటి సగంలో సన్నబడి మళ్ళీ వెడల్పై. ఒకే చెట్టు, ఏ రెండు ఆకులూ ఒకలా లేవు. కృష్ణ మర్రి కూడా అక్కడే. ఆకు అడుగున దొన్నెలా మడత పడి ఉంటుంది. కృష్ణుడు వెన్న దొంగిలించి దాచుకున్నది అందులోనే అంటారు. కింద రాలిన ఒక ఎండుటాకు తెచ్చి అమ్మకి చూపిస్తే, అందులో వేలు పెట్టి చూసి కొంగున కట్టుకుంది. ఇంత దూరం వచ్చినందుకు ఆవిడకి దక్కింది అదే.

నేను వెతికింది మాత్రం దొరకలేదు. 1864 అక్టోబర్ 5 తుఫానులో ఈ తోటలో వెయ్యికి పైగా చెట్లు పోయాయి. నది ఉప్పొంగి లోపలికి వచ్చింది. మూడేళ్ళకి మళ్ళీ ఇంకో తుఫాను. నీడనిచ్చే పెద్ద చెట్లు పోయాక కింద బతికే మొక్కలు ఎండకి చచ్చాయి. తోట కలుపుతో నిండిపోయింది. 1871లో జార్జ్ కింగ్ తోట అధికారిగా వచ్చి పాతికేళ్ళ పైచిలుకు కూర్చుని దాన్ని మళ్ళీ కట్టాడు. పల్లపు నేలలో కొలనులు తవ్వించి, ఆ మట్టితో దిబ్బలూ రోడ్లూ లేపాడు. ఇవాళ మనం చూసే కొలనులు, వంకర దారులు, చాలా చెట్లు ఆ తుఫాను తరవాతివే. తిత్లీ తిన్న ఊరి నుంచి వచ్చినవాడికి ఇందులో ఎంత సరుకుందో ఆలోచించండి. ఏ చెట్టు ముందు వేశారు, ఏది గాలికి ఆగింది, ఏది ఆగలేదు, నీడ రావడానికి ఎన్నేళ్ళు పట్టింది. ఈ సంగతులు చెప్పే ఒక్క మనిషి, ఒక్క బొమ్మ ఎదురైతే చాలనుకున్నాను. మేం తిరిగిన మేరలో ఎదురుకాలేదు. రాక్స్‌బర్గ్ సామర్లకోట సంగతీ అంతే. 273 ఎకరాల్లో మేం చూసింది ఎంతని? పావు వంతు కూడా ఉండదేమో. అమ్మ కాళ్ళు అంతవరకే సాగాయి.

ఈ తోట చూసి దిగాలు పడిన మొదటివాణ్ణి నేను కాదు లెండి. హిమాలయాలకి వెళ్తూ 1848లో ఇక్కడ ఆగిన జోసెఫ్ హుకర్ కూడా వాపోయాడు. ఆయన రావడానికి కొన్నేళ్ళ ముందు విలియం గ్రిఫిత్ తోటకి తాత్కాలికంగా అధికారి అయ్యాడు. మొక్కల్ని శాస్త్రీయ వర్గీకరణ ప్రకారం మళ్ళీ నాటిద్దామని పాత నీడచెట్లు, దారుల పక్క వరసచెట్లు కొట్టించేశాడు. కొత్తవి ఎదగకముందే ఆయన పోయాడు. హుకర్ వచ్చేసరికి ఎండలో మాడుతున్న ఖాళీ నేల మిగిలింది. ప్రపంచమంతా తిరిగిన వృక్షశాస్త్రవేత్త అంతటివాడు విసుక్కున్న చోట కవిటి మాస్టారు విసుక్కుంటే తప్పేముంది?

మధ్యాహ్నం నది ఒడ్డున కూర్చుని ఝాల్‌ముడి తిన్నాం. "మన మరమరాలే, ఆవనూనె ఎక్కువైంది" అంది అమ్మ. నీళ్ళ మీద పెద్ద పడవ ఒకటి పోతుంటే మా అమ్మాయి ఫోన్లోంచి తల ఎత్తింది. రోజు మొత్తంలో అది ఎత్తింది రెండు మూడు సార్లే. ఆ ఫోన్లోనే అది ఇంకో సంగతి పట్టుకుంది. "నాన్నా, దీనికంటే పెద్ద మర్రి మన ఆంధ్రాలోనే ఉందంట. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను. 1989లో గిన్నిస్ బుక్‌లో ఎక్కిందంట" అని అందరికీ వినపడేలా చదివింది. నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను. ఇచ్ఛాపురం పక్కవాళ్ళకి కలకత్తా కంటే కదిరి దూరం. రాష్ట్రం ఈ చివర మేము, ఆ చివర ఆ మర్రి. అమ్మ మాత్రం నా వైపు ఒక చూపు చూసింది.

తిరుగు ప్రయాణంలో టోటో బేరం అమ్మే ఆడింది, తెలుగులో, వేళ్ళతో. పొద్దున ఇచ్చినదాంట్లో సగానికి వచ్చాడు. ఖరగ్‌పూర్ చేరాక మా బావమరిది భార్య వేడినీళ్ళు కాచి సొంత అత్తగారి కాళ్ళకి పట్టినట్టే అమ్మ కాళ్ళకి పట్టి, "మేం ఇన్నేళ్ళ బట్టీ ఇక్కడే ఉన్నాం వదినా వాళ్ళత్తగారూ, ఒక్కసారి కూడా ఎల్లలేదు" అంది. వాళ్ళకి ఊరు పక్కనే ఉంది కదా, ఎప్పుడైనా వెళ్ళొచ్చు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. డిసెంబరు, జనవరిలో వెళ్ళండి. ఎండ బాధ ఉండదు, సంత్రాగాచి చెరువులో వలస పక్షులు కూడా ఉంటాయి, ఒకే ప్రయాణంలో రెండూ అవుతాయి. రాక్షసి కలువ ముఖ్యమనుకుంటే వానలు బాగా పడ్డాక. సోమవారం తోటకి సెలవు. పొద్దున్నే లోపలికి వెళ్ళిపోండి. నడవలేని పెద్దవాళ్ళు ఉంటే మర్రి ఒక్కటే లక్ష్యంగా పెట్టుకోండి, దారిలో వచ్చినవి చూడండి. గేటు బయట దొరికే గైడుని మాట్లాడుకోకండి. దాని బదులు వెళ్ళే ముందు రెండు గంటలు చదువుకుంటే మేలు. అయితే నా అంత చదవకండి. టోటో ఎక్కేముందు ఏ గేటో తేల్చుకోండి. మొక్కుబడి ఏదైనా ఉంటే మాను లేదని పెద్దవాళ్ళకి ముందే చెప్పండి.

ఊరొచ్చాక సాయంత్రం అరుగు మీద కూర్చుంటే పక్క తోట రైతు, వరసకి నాకు చిన్నాన్న అవుతాడు, వచ్చి కూర్చున్నాడు. కొమ్మల తాడి ఫొటో చూపిస్తే నమ్మలేదు, కంప్యూటర్లో అతికించారన్నాడు. జంట కొబ్బరి సంగతి చెప్తే మాత్రం ముందుకి జరిగి కూర్చున్నాడు.

"ఒక్కో కాయ ఇరవై కేజీలా?"

"దాటొచ్చు కూడా, చిన్నాన్నా."

"ఎన్నాళ్ళకి కాపుకొస్తాది?"

"పాతికేళ్ళ పైనే. పూత వచ్చాక కాయ ముదరడానికి ఇంకో ఆరేడేళ్ళు."

ఆయన కాసేపు వేళ్ళ మీద ఏదో లెక్క కట్టాడు. "మన దేశవాళీయే మేలు. తిత్లీ తరవాత పెట్టినవి నావి ఈ ఏడు గెల వేసినాయి. రేపు బేగి వస్తే బోండాలు కొట్టిస్తాను, మీ అమ్మని కూడా తీసుకురా" అని లేచాడు.